ఏకలవ్యుని అంగుష్ఠము: ధనుర్వేదమునందలి గుణముష్టులు

ఆదిపర్వమునందలి ఏకలవ్యుని కథను పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి యిట్లడిగెను: “బొటనవ్రేలు పోయినను కుడిచేతికి ఇంకను నాలుగు వ్రేళ్లు మిగిలియే యున్నవి కదా! వానితో నారి లాగరాదా? అతని విలువిద్యను మాపివేయవలెనను తలంపే ద్రోణునకు ఉన్నచో చేతినే అడుగక ఒక్క వ్రేలితో ఏల తృప్తిపడెను?” ఆనాడు మేము చెప్పిన సమాధానము తరగతికి చాలినను మాకు చాలలేదు. ఈ కథను గూర్చి వ్రాసినవారు గురుభక్తిని గూర్చియు, ద్రోణుని పక్షపాతమును గూర్చియు, నిషాదునకు జరిగిన అన్యాయమును గూర్చియు విస్తారముగా వ్రాసిరి. ఆ విచారణ అవసరమైనదే. కాని ఆ అన్యాయపు పరిమాణము తెలియవలెనన్నచో ముందుగా తేలవలసినది ఒకటి కలదు. వింటినారిపై ఆ కాలపు విలుకాడు ఏ వ్రేలిని ఎక్కడ ఉంచెడివాడు? బొటనవ్రేలు చేయు పని యేమి? ఈ వ్యాసమున ఆ విషయమునే విచారించుచున్నాము.

నారిని లాగు తీరులు లోకమున పెక్కులు. వానిని శాస్త్రీయముగా వర్గీకరించిన మొదటివారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ సిల్వెస్టర్ మోర్స్ అను అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన 1877లో జపానునకు పోయి టోకియో విశ్వవిద్యాలయమున బోధించినవాడు. జపాను మిత్రుడొకడు తనతో కలిసి బాణములు వేయుచుండగా, ఆ మిత్రుడు నారిని పట్టు తీరు తానెరిగిన తీరునకు పూర్తిగా భిన్నమై యుండుట చూచి ఆశ్చర్యపడి, ఆ భేదమును వెదకుచు పోయి, 1885లో ఒక దీర్ఘవ్యాసమును ప్రకటించెను. అందు ఆయన అయిదు పట్టులను నిరూపించెను. మొదటి మూడును ఒక్క కుటుంబములోనివే. అమ్ముపింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ, ఉప్పు పట్టినట్లు, చిటికెపట్టి లాగుట వానికి మూలము. నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు నారికి తగిలి సాయపడునా లేదా, చూపుడువ్రేలు వంగియుండునా చాచియుండునా అనునవే వాని లోని భేదములు. ఈ మూడింటిని మేము కలిపి చిటికెపట్టు అందుము. నాలుగవది మూడువ్రేళ్ల పట్టు. ఇందు బొటనవ్రేలికి పని లేదు. చూపుడువ్రేలు పింజకు పైనను, నడిమివ్రేలును ఉంగరపువ్రేలును పింజకు క్రిందను నారికి తగిలింపబడును. మోర్స్ దీనికి మధ్యధరాసముద్రపు పేరు పెట్టెను. ఐరోపా విలుకాండ్రది ఈ పట్టే. నేటి ఒలింపిక్ క్రీడలలో కనబడునదియు ఇదియే. అయిదవది బొటనపట్టు. బొటనవ్రేలిని కొక్కెమువలె వంచి నారికి తగిలించి, దాని కొన జారకుండ చూపుడువ్రేలిని దానిపై అదిమి లాగుట దీని లక్షణము. చైనా, జపాను, మంగోలియా, తురుష్క, పారశీక దేశముల విలుకాండ్రు దీనిని పాటించిరి. మోర్స్ దీనికి మంగోలుల పేరు పెట్టెను.

గ్రంథములు చదివినంతమాత్రమున ఈ పట్టుల తారతమ్యము బోధపడదని తోచి మేము ఒక వెదురువింటిని సంపాదించి కొన్నిదినములు ప్రయత్నించితిమి. ఈ మాట చదివి మిత్రులు నవ్వినను నవ్వుదురు గాక. చిటికెపట్టున విల్లు సగము వంగునప్పటికే పింజ వ్రేళ్లనుండి జారిపోయెను. మూడువ్రేళ్ల పట్టున బలము చాలినది గాని, విడుచునప్పుడు మూడు వ్రేళ్లును ఒక్కసారి తెరచుకొనక నారి ఒకదానిని ఒరసికొని పోయెను. బొటనపట్టున మొదటి రెండు దినములు వ్రేలు వాచెను. అటుపిమ్మట మాత్రము నారి ఒక్క వ్రేలి అంచునుండియే జారిపోవుట, విడుపు తేలికయగుట, మరల మరల వేగముగా వేయుటకు వీలగుట మా అనుభవమునకు వచ్చినది. మా వంటి అనభ్యాసకుని అనుభవము ప్రమాణము కాదు. కాని యంత్రధర్మము అట్లే యున్నది. నారిని తాకు వ్రేళ్లు ఎంత తక్కువైన విడుపు అంత శుభ్రముగా నుండును.

ఇంకొక భేదమును పరిశోధకులు గుర్తుంచుకొనవలెను. కుడిచేత లాగువాడు మూడువ్రేళ్ల పట్టున లాగినచో అమ్మును వింటికి ఎడమప్రక్కను ఆనించును. బొటనపట్టున లాగినచో కుడిప్రక్కను ఆనించును. చేయి మెలిపడు దిక్కును బట్టి అమ్ము వింటిని ఒత్తుకొనియుండుటకు ఇది అవసరము. శిల్పములందు వ్రేళ్లు అరిగిపోయినచోట అమ్ము ఏ ప్రక్కనున్నదో చూచి పట్టును ఊహింపవచ్చునని కొందరందురు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

ఇక మూలకథకు వత్తము. భారతమున ద్రోణుడు కోరినది కుడిచేతి బొటనవ్రేలు. అది యిచ్చిన పిమ్మట ఏకలవ్యుడు విల్లు విడిచెనని మూలమున లేదు. పుణె పరిష్కృతప్రతిలో ఆదిపర్వము 123వ అధ్యాయమున ఈ కథ ముగియుచోట చెప్పబడినది రెండే మాటలు. అటుపిమ్మట నైషాది వ్రేళ్లతో లాగెను. మునుపటివలె శీఘ్రుడు కాలేదు. ఈ రెండు మాటలను తేలికగా దాటిపోరాదు. ఇందు ‘అంగుళి’ శబ్దము ‘అంగుష్ఠ’ శబ్దమునకు ఎదురుగా నిలుపబడినది. అనగా, కథకునకు రెండు పట్టులు తెలియును. ఒకటి అంగుష్ఠముతో కూడినది, ఉత్తమమైనది, శీఘ్రమైనది. రెండవది వట్టి వ్రేళ్లతోనైనది, సాధ్యమైనదే గాని మందమైనది. పోయినది విలువిద్య కాదు, లాఘవము. మా విద్యార్థి ప్రశ్నలో సగము సరియే. నాలుగు వ్రేళ్లతో లాగవచ్చును, ఏకలవ్యుడు లాగెను. కాని అర్జునుని కలవరపెట్టినది ఏది? కుక్క నోరు మూయులోపల ఏడు బాణములు దాని నోట నాటిన హస్తలాఘవము. సరిగా ఆ గుణమునే, అది యే వ్రేలిమీద ఆధారపడియుండెనో ఆ వ్రేలినే, ద్రోణుడు కోరెను. ఆయుధవిద్య నెరిగినవాడు తూచి కోరిన కోరిక అది. చేతిని కోరియుండినచో క్రౌర్యము అధికమయ్యెడిది గాని గురి ఇంతకన్న సూటి కాకపోయెడిది.

అయితే ఇచ్చట తొందరపడరాదు. బొటనవ్రేలు లేనిదే సాగని పట్టు బొటనపట్టు ఒక్కటియే కాదు. చిటికెపట్టునకును అది కావలసినదే. కావున ఈ కథ ఒక్కటియే చూచినచో తేలునది ఇంతమాత్రము: ఉత్తమవిలుకాని పట్టు మూడువ్రేళ్ల పట్టు కాదు. అది ఏదియో చెప్పుటకు వేరు ప్రమాణములు వలయును.

వానికి పోవుటకు ముందు భారతముననే వేరొకచోట నున్న మాటను చూతము. ద్రోణపర్వమున ఘటోత్కచుడు మడిసిన పిమ్మట కృష్ణుడు అర్జునునితో జరాసంధుని, శిశుపాలుని, ఏకలవ్యుని మృతిని గూర్చి చెప్పుచు, నీ మేలుకొఱకే నైషాది అంగుష్ఠమును ద్రోణుడు మిషపెట్టి తీసికొనెనని ఒప్పుకొనును. అంగుష్ఠముతో కూడిన ఏకలవ్యుని దేవదానవులును గెలువజాలరనియు చెప్పును. ఆ వెంటనే ఏకలవ్యునికి వాడబడిన విశేషణము ‘బద్ధాంగుళిత్రాణుడు’ అని. బొటనవ్రేలు కోల్పోయిన పిమ్మట వ్రేళ్లకు తొడుగు కట్టుకొని అడవిలో తిరుగు విలుకాడు మన కన్నులకు కట్టుచున్నాడు. ఆదిపర్వపు మాటకు ఇది చక్కగా పొసగును. వ్రేళ్లతో లాగువానికి వ్రేలితొడుగు కావలెను కదా!

కాని ఈ పొసగుటను నమ్మి పెద్ద సిద్ధాంతమును కట్టుటకు మేము వెనుకాడుచున్నాము. ఏలనన, ‘బద్ధగోధాంగుళిత్రాణ’ శబ్దము ఇతిహాసములందు అంగుష్ఠము గల వీరులకును అలవాటుగా వాడబడు విశేషణమే. గోధ యనగా ఎడమ ముంజేతికి నారిదెబ్బ తగులకుండ కట్టుకొను తోలుపట్టె. అమరసింహుడు దీనిని జ్యాఘాతమును వారించునదిగా చెప్పెను. ఉడుముతోలునకు పేరైన శబ్దమే దీనికిని పేరైనది. అంగుళిత్రాణము కుడిచేతిది. ఇది వీరులందరికి ఉండెనన్నచో అందరును వ్రేళ్లతోనే లాగిరని కొందరు వాదింపవచ్చును. ఆ వాదము బలమైనదే. మేము దానికి చెప్పు సమాధానము రెండు విధములు. ఒకటి: బొటనపట్టున చూపుడువ్రేలి లోప్రక్కను పింజయు నారియు ఒరసికొనును, కాబట్టి దానికిని తొడుగు కావలసియే యుండును, జపాను విలుకాండ్రు నేటికిని బొటనపట్టునకు వ్రేళ్లను కూడ కప్పు తోలుచేదొడుగునే వాడుదురు, దానిలో బొటనవ్రేటిభాగము మాత్రము గట్టిగా చేయబడియుండును. రెండు: సంస్కృతమున ‘అంగుళి’ శబ్దము విడిగా వాడినపుడు అయిదు వ్రేళ్లకును చెల్లును, అంగుష్ఠముతో ఎదురుపెట్టి వాడినపుడే తక్కిన నాలుగింటికి పరిమితమగును. ఆదిపర్వమున ఆ ఎదురుపాటు కలదు. విశేషణమున లేదు.

ప్రసంగవశమున ఒక హెచ్చరిక. రఘువంశము ద్వితీయసర్గమున సింహమును కొట్టబోయిన దిలీపుని వ్రేళ్లు బాణపుంఖమునకు అంటుకొనిపోయి చేయి చిత్రపటమునందువలె నిలిచిపోయినట్లు కాళిదాసు వర్ణించెను. దీనిని నారిపట్టునకు ప్రమాణముగా చూపరాదు. రాజు అప్పుడు బాణమును అమ్ములపొదినుండి తీయుచున్నాడే గాని నారిని లాగుట లేదు. అట్లే విరాటపర్వమున అర్జునుడు గాజులతో కప్పుకొనదలచిన కిణములు ముంజేతులవి; వ్రేళ్లవి కావు. అతడు సవ్యసాచి కావున రెండు చేతులకును నారిదెబ్బల కాయలు కాచినవి. కావ్యములందు ముంజేతి కాయలను గూర్చిన వర్ణనలు కోకొల్లలు. వ్రేళ్లను గూర్చినవి మిక్కిలి అరుదు. కవులు చూచినది వీరుని దూరమునుండి కాబోలు.

శాస్త్రము మాత్రము దగ్గరనుండి చూచినది. వాసిష్ఠధనుర్వేదసంహిత యను పేర ప్రచారమున నున్న గ్రంథమున నారిని పట్టు కుడిచేతి నిలుపునకు ‘గుణముష్టి’ యని పేరు. గుణమనగా నారి. అవి అయిదు: పతాక, వజ్రముష్టి, సింహకర్ణము, మత్సరి, కాకతుండి. ఈ విషయమే శార్ఙ్గధరుడు 1363లో సంకలించిన పద్ధతియందలి ధనుర్వేదభాగమునను కలదు. కావున సంహిత యొక్క కాలము ఎట్టిదైనను, ఈ లక్షణములు 14వ శతాబ్దినాటికి స్థిరపడియున్నవనుట నిశ్చయము.

వాని లక్షణములను మా మాటలలో చెప్పెదము. చూపుడువ్రేలు పొడవుగా చాగి బొటనవ్రేటి మొదటిని ఆశ్రయించియున్నచో అది పతాక; నాళికబాణములకును దూరముగా వేయుటకును అది తగినది. చూపుడువ్రేటికిని నడిమివ్రేటికిని నడుమ బొటనవ్రేలు చొరబడియున్నచో వజ్రముష్టి. బరువైన నారాచములను, అనగా ఇనుపబాణములను, విడుచుటకు తగినది. చూపుడువ్రేటి కొన బొటనవ్రేటి నడిమిభాగమున నిలిచినచో సింహకర్ణము. దృఢమైన లక్ష్యమును ఛేదించుటకు. ఆ కొన బొటనవ్రేటి గోటిమొదట నిలిచినచో మత్సరి, చిత్రలక్ష్యమునకు. బొటనవ్రేటి కొనయందే చూపుడువ్రేటి కొన చేర్చబడినచో కాకతుండి, సూక్ష్మలక్ష్యమునకు.

ఈ పంచకమును వేరువేరు పేళ్ల జాబితాగా చదివి విడిచినచో దీని సారము చేజారును. చూపుడువ్రేటి కొన ఎక్కడెక్కడ నిలిచినదో వరుసగా చూడుడు. మొదట బొటనవ్రేటి మూలము, పిదప నడుము, పిదప గోటిమొదలు, కడపట కొన. బొటనవ్రేలు ఒక కొలబద్ద. చూపుడువ్రేలు దానిపై మెల్లగా పైకి జరుగుచున్నది. వజ్రముష్టి యొక్కటియే ఈ వరుసకు వెలియైనది. అందు రెండు వ్రేళ్ల బిగువున బొటనవ్రేలు బంధింపబడినది. ఇక ప్రయోజనములను చూడుడు. దూరము, బరువు, దృఢలక్ష్యము, చిత్రలక్ష్యము, సూక్ష్మలక్ష్యము. చూపుడువ్రేలు బొటనవ్రేటిని ఎక్కువగా కప్పినకొలది తాళము బిగియును, బలమైన విల్లు వంగును. తక్కువగా కప్పినకొలది విడుపు సుకుమారమగును, గురి సూక్ష్మమగును. ఇది పండితుడొకడు గదిలో కూర్చుండి అయిదు అను సంఖ్యకొఱకు కల్పించిన విభాగము కాదు. వింటిని చేతబట్టినవాని అనుభవమును క్రమముగా పేర్చినది. పేళ్లును అట్టివే. మడిచిన వ్రేళ్ల నడుమ సింహపు చెవియు, కలిసిన రెండు కొనలయందు కాకి ముక్కును చూచిన కన్ను శిష్యులకు నేర్పు గురువుది. అరబ్బు ధానుష్కులు తమ బొటనపట్టును వ్రేళ్లపై లెక్కించు పద్ధతిని బట్టి ‘అరువదిమూడు’ అనిరి. వారిది వర్తకుని పోలిక, మనది అడవిని చూచినవాని పోలిక.

అన్నింటికన్న ముఖ్యమైన విషయము వేరొకటి. ఈ అయిదింటిలో బొటనవ్రేలు లేనిది ఒక్కటియు లేదు. ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు ఒక్కదానియందైనను పేర్కొనబడలేదు. పతాక మొదలు మత్సరివరకు గలవి బొటనపట్టు యొక్క భేదములుగనే మాకు తోచుచున్నవి. కాకతుండి మాత్రము చిటికెపట్టునకు సమీపించుచున్నది. ఏకలవ్యుని కథ తేల్చక విడిచినదానిని శాస్త్రము ఇట్లు పూరించుచున్నది. అంగుష్ఠము పోయినవానికి ఈ అయిదు ముష్టులలో ఒక్కటియు మిగులదు.

శాస్త్రగ్రంథములన్నియు ఏకకంఠముగా నున్నవని మాత్రము అనరాదు. అగ్నిపురాణమునందలి ధనుర్వేదాధ్యాయములలో పుంఖమును చూపుడువ్రేలితోను బొటనవ్రేలితోను పట్టి, పిదప ఉంగరపువ్రేటితోను నడిమివ్రేటితోను గ్రహించి, బాణము పూర్తిగా నిండువరకు వేగముగా లాగవలెనని చెప్పబడినది. ఇది గుణముష్టుల తీరు కాదు; మోర్స్ చెప్పిన రెండవ పట్టునకు, అనగా వ్రేళ్ల సాయము గల చిటికెపట్టునకు, దగ్గరగా నున్నది. ఒకే దేశమున రెండు సంప్రదాయములు ఉండుట వింత కాదు. అయినను ఇందును మొదట పేర్కొనబడిన రెండు వ్రేళ్లు ఆ రెండే యనుట గమనింపదగినది.

విల్లు పొడవును బట్టి ఒక ఆక్షేపము పుట్టవచ్చును. కొమ్ముతోను నరములతోను చేసిన పొట్టి వింటిని పూర్తిగా లాగినపుడు నారి ఇరుకైన కోణమై వ్రేళ్లను నొక్కును. అందుచేత అట్టి వింటికి ఒక్క బొటనవ్రేలే తగినదనియు, నిడుదవింటికి మూడువ్రేళ్లు సుఖమనియు చెప్పుదురు. మన విండ్లు నిడుదవి. నియార్కసును అనుసరించి అరియను వ్రాసిన ఇండికా గ్రంథమున భారతపదాతుల విల్లు మనిషియెత్తు ఉండెననియు, దానిని నేలకానించి ఎడమకాలితో అదిమి లాగిరనియు ఉన్నది. అగ్నిపురాణము నాలుగు మూరల వింటిని శ్రేష్ఠమనియు, మూడున్నర మధ్యమమనియు, మూడు కనిష్ఠమనియు విధించెను. నాలుగు మూరలనగా ఇంచుమించు ఆరడుగులు. మరి యింత విల్లు ఉండగా బొటనపట్టు ఏల? దీనికి జపాను సమాధానము చెప్పుచున్నది. వారి విల్లు ఏడడుగులకు మించినది, పట్టు బొటనపట్టే. కావున పొట్టివిల్లు బొటనపట్టును కోరునుగాని, బొటనపట్టు పొట్టివింటినే కోరదు. ఇంతకును మనదేశమున విండ్లు ఒక్కరకమువి కావు. కౌటిల్యుడు తాటిది, వెదురుది, కొయ్యది, కొమ్ముది అని నాలుగు రకములు చెప్పెను. నారులకు మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, నరము అను ఆరింటిని చెప్పెను. మూర్వ యనగా మన చాగనార. మౌర్వి యను పేరు నారికి దానివలననే వచ్చినది. వెదురుబద్దనే నారిగా కట్టిన విండ్లు మధ్యభారతపు అడవిజాతులయందు ఇటీవలివరకును కలవు.

శాస్త్రమునుండి కళకు పోయినచో ఈ హస్తము వేరొక పేరుతో ఎదురగును. నాట్యశాస్త్రమున కటకాముఖహస్తమునకు చెప్పిన వినియోగములలో బాణమును లాగుట యొకటి. అభినయదర్పణమునను ఆ వినియోగము కలదు. బొటనవ్రేటికి చూపుడువ్రేలిని నడిమివ్రేలిని చేర్చి తక్కిన రెండింటిని ఎత్తుట దీని స్వరూపము. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54లో నృత్తరత్నావళిని రచించెను. సేనాపతియే నాట్యగ్రంథకర్తయైన ఇట్టిచోట యుద్ధహస్తమునకును నాట్యహస్తమునకును దూరము తక్కువ. రెండు విద్యలకు పేళ్లయందును బంధుత్వము కలదు. నారిని ఎక్కడివరకు లాగవలెనను విషయమున ధనుర్వేదమున వాడిన కైశిక, భరత నామములు నాట్యశాస్త్రమున ఆయుధప్రయోగపు న్యాయములకును పేళ్లే. అయితే పేరు ఒక్కటైనంత మాత్రమున వస్తువు ఒక్కటి కాదు. నాట్యమునందలి పతాకహస్తము వ్రేళ్లన్నియు చాచినది. ధనుర్వేదమునందలి పతాక వేరు. పరిశోధకవిద్యార్థులు ఈ రెంటిని కలిపివేసి భ్రాంతిపడుట మేము చూచితిమి.

నారిని లాగు చేయి కటకాముఖమే యనుటకు కావ్యప్రమాణమును కలదు. అమరుకశతకపు మంగళశ్లోకమున కవి స్తుతించినది అంబిక కడకంటిచూపును. నారిని లాగుటకై కటకాముఖముగా పట్టిన చేతి గోళ్ల కాంతులు ఆ చూపుతో కలిసిపోవునట్లు అందు వర్ణన. చేయి చెవిదాక వచ్చినగాని గోటికాంతి కడకంటి చూపుతో కలియదు; కావున ఆకర్ణాంతముగా లాగిన స్థితియే కవి మనస్సున నున్నది. ఈ శతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్యను రచించినవాడు కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి (1402–1420). విల్లు పట్టిన రాజు ఈ శ్లోకమును వ్యాఖ్యానించుటకు కూర్చుండెననుట మాకు ఎంతయు ఇష్టమైన ఊహ.

శిల్పశాస్త్రమున ఈ బంధుత్వము ఇంకను స్పష్టము. విగ్రహములందు వ్రేళ్ల కొనలు బొటనవ్రేటితో కలిసి ఉంగరమువలె వలయమైన హస్తమునకు కటకహస్తమని పేరు. దానికే సింహకర్ణహస్తమని నామాంతరము. గోపీనాథరావుగారు 1914లో ప్రకటింపనారంభించిన ప్రతిమాశాస్త్రగ్రంథమున ఈ రెండు పేళ్లను ఒక్కహస్తమునకే చెప్పిరి. దేవీవిగ్రహముల చేతిలో దినదినము పువ్వు నుంచుటకై ఏర్పరచిన హస్తమిది. పువ్వు పట్టిన చేతికి సింహకర్ణమను పేరేల వచ్చినది? ధనుర్వేదమును చూడనివానికి ఇది అర్థము కాని పేరు. చోళకాలపు కంచువిగ్రహములలో శ్రీరాముని కుడిచేయి బాణము నుంచుటకై ఈ కటకముద్రయందే పోతపోయబడినది. విలుకాని పట్టు దేవీవిగ్రహమున పువ్వుపట్టుగా మారినను పేరు మాత్రము మారలేదు.

రాతిశిల్పములనుండి ఇంతకన్న ఎక్కువ రాబట్టుట కష్టము. కిరాతార్జునీయము మనదేశపు శిల్పులకు ప్రియమైన వస్తువు. లేపాక్షి పైకప్పుల వర్ణచిత్రములలోను, అర్జునుడు తపస్సు చేసినచోటని చెప్పుకొను ఇంద్రకీలాద్రి గల బెజవాడ స్తంభముపైనను ఆ కథ కలదు. కాని చిన్న ఫలకములందు కుడిచేతి వ్రేళ్లు ఒక ముద్దగా చెక్కబడుట సాధారణము. పైన చెప్పిన అమ్ముప్రక్కను బట్టి నిర్ణయింతమన్నచో, శిల్పి అమ్మును చూపరులకు కనబడు ప్రక్కనే చెక్కుట సహజము కావున ఆ ప్రమాణమును అన్నిచోట్ల నమ్మరాదు. విలుకాడు ఎడమకు తిరిగియున్నను కుడికి తిరిగియున్నను అమ్ము మనవైపే వచ్చిన ఫలకములను చూచిన పిమ్మట మేము ఆ మార్గమును విడిచితిమి.

ఇక మిగిలినది కాలవిచారణ. బొటనపట్టు మనదేశమునకు తురుష్కులతో వచ్చినదనియు, శార్ఙ్గధరుడు 1363నాటివాడు కాన అతని గుణముష్టులు వారినుండి నేర్చినవనియు అనుటకు అవకాశము కలదు. అంగుష్ఠపు ఉంగరములు మనదేశమున మొగలాయీల కాలమున విరివిగా కనబడుట ఈ వాదమునకు బలము. కాని ఏకలవ్యుని కథ దీనికి అడ్డువచ్చును. రాజరాజనరేంద్రుని కాలమున (1022–1061) నన్నయభట్టు ఆదిపర్వమును తెనిగించునప్పటికే ఆ కథ మూలమున ఉన్నది. ఆయన దానిని తెనిగించెను. తురుష్కసైన్యము ఓరుగల్లుమీదికి మొదట వచ్చినది 1303లో. రెండున్నర శతాబ్దులకు ముందే వేంగిదేశపు శ్రోతలు బొటనవ్రేలు పోయిన విలుకాని కథను, లాఘవము తగ్గుట యెట్లని సందేహింపక, వినిరి. సంస్కృతమూలము అంతకన్న ఎన్నియో శతాబ్దులు ప్రాచీనము. పట్టుయొక్క జన్మస్థానము ఏదను ప్రశ్నలోనికి మేము దిగుట లేదు. చైనాలో అన్యాంగువద్ద 1976లో త్రవ్విన ఫూహావో సమాధిలో, క్రీస్తుపూర్వము 1200 ప్రాంతమునాటి దానిలో, పచ్చరాతి అంగుష్ఠాభరణము దొరకినదన్నచో ఆసియాఖండమున ఈ పట్టు ఎంత పాతదో తెలియును. తురుష్కులు తెచ్చినది ఉంగరమైయుండవచ్చును. పట్టును వారు తేనక్కరలేదు.

ఇచ్చట ఒక లోకవాదమును గూర్చి చెప్పవలెను. భిల్లులు మొదలైన వారు నేటికిని బొటనవ్రేలు తగులకుండ బాణము వేయుదురనియు, అది ఏకలవ్యుని యందలి గౌరవముచేతననియు పలువురు చెప్పుదురు. గౌరవమును కాదనుటకు మేమెవరము? కాని బొటనవ్రేలు లేని పట్టు భిల్లులదే కాదు. ఏకలవ్యుని పేరు వినని ఐరోపావారిది కూడ అదియే. పట్టు ముందు ఉన్నది, కథ దానికి తరువాత కారణమై అతుకుకొన్నది అనుటయే సంభావ్యము. అయినను ఈ వాదమున ఒక సూక్ష్మమైన న్యాయము కలదు. ఆదిపర్వకర్త ఉత్తమపట్టునకు ఎదురుగా ‘వ్రేళ్లతో లాగెను’ అని వ్రాసినపుడు, అట్లు లాగు వనచరులను ఆయన చూచియే వ్రాసియుండును. రాజకుమారులది అంగుష్ఠపు పట్టు, అడవివారిది వ్రేళ్లపట్టు అను భేదము ఆ కాలమున నిజముగా ఉండినచో, ఏకలవ్యుడు నేర్చినది తన కులమువారి పట్టు కాదు, రాజకుమారుల పట్టు. ద్రోణుని కోరిక అతనిని మరల తనవారి పట్టునకు త్రోసివేసినది. ఇది మా ఊహ మాత్రమే. కాని కథలోని అన్యాయము బొటనవ్రేటి కొలతలో ఎంత యుండెనో దీనివలన కొంత తెలియుచున్నది.

హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని పచ్చరాతి వస్తువులలో షాజహాను బిరుదము చెక్కిన విలుకాని ఉంగరము కలదు. ఇట్టి ఉంగరములు సామాన్యపు ఉంగరమువలె గుండ్రనివి కావు. ఒకప్రక్క నాలుకవలె సాగియుండును. ఆ నాలుక బొటనవ్రేటి లోప్రక్కను కప్పును. నారి దానిపై నిలుచును. చూపుడువ్రేలు వచ్చి బొటనవ్రేటిని అదిమిపట్టును. ఉంగరము లేని చేతికి ధనుర్వేదకారుడు మాటలతో చెప్పిన నిలుపును రత్నకారుడు రాతిలో చెక్కినాడు. పారశీకమున దానిని జిహ్‌గీర్ అందురు. జిహ్ అనగా నారి, గీర్ అనగా పట్టునది. ఆ జిహ్ శబ్దమును మన జ్యా శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవే.